బాలమ్మ పచ్చజొన్నలు

తొమ్మిదేళ్లుగా నా గుండె మీద ఒక జొన్నబస్తా కూర్చుని ఉంది. దించుకోవడానికి మనిషి దొరకలేదు. మీరు దొరికారు. కాస్త చెయ్యి వేయండి.

అప్పట్లో గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా తిండి ఉద్యమమంటే నేనే. మైకులో నేను తిట్టే తిట్లకు అంగళ్లలో వేలాడే చిప్స్ పొట్లాలు గాలి పోయి చప్పబడేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే అనుకోండి.

వీపనగండ్ల వైపు బాలమ్మ అనే పెద్దావిడ పాతరకం పచ్చజొన్న విత్తనాన్ని బూడిద కలిపి గంపలో దాచేది. ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. వయసైపోయిందని, వనపర్తి సభలో రైతులకు పంచమని, ఉన్నదంతా నా చేతికిచ్చింది.

"ఇత్తనం సారూ, తిండిగింజ గాదు. ఆకలై సచ్చినా మేం ముట్టం. పైలం."

"నా పానం లెక్క చూసుకుంట అవ్వా."

సభలో జనం ఎక్కువై, జొన్నపిండి సగం బంతికే అయిపోయింది. విస్తళ్ల ముందు అతిథులు. ఎదురుగా కెమెరాలు. మన తిండే గొప్పదని రెండు గంటలు అరిచినవాణ్ని, హోటల్ నుంచి బిర్యానీ తెప్పించనా? గంపను నేనే గిర్నీకి మోశాను. బూడిద చెరిగించి పిండి పట్టించాను. మర్నాడు, విత్తనం పంచే ముందు, సంతలో పచ్చగా కనిపించిన ఏవో జొన్నలు కొని, బూడిద కలిపి, అదే గంపలోంచి పంచాను.

నాకు భయమేసింది రైతుల కోసమా, ఉద్యమం కోసమా, లేక పేపర్లో నా ఫొటో కింద ఏం రాస్తారోననా అని ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా, ప్రతిసారీ ఆ ఫొటోయే బయటపడుతుంది.

పంట మోకాలెత్తు దాటలేదు. రొట్టె చేస్తే అట్టముక్క. రైతులు బాలమ్మ వాకిట్లో నిలబడ్డారు.

"ఇదేం ఇత్తనమే పెద్దమ్మా? మమ్ముల ఆగం జేస్తివి గదా!"

నేనక్కడే ఉన్నాను. మైకు లేకుండానే మూడు మండలాలకు వినబడే నా నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాను. ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది.

"నా చెయ్యే చెడ్డట్టుంది బిడ్డా."

ఆ ఏటి నుంచి ఆమె ఏ విత్తనమూ దాచలేదు. ఇప్పటికీ ఎదురైతే "మంచిగున్నవా సారూ" అని తనే పలకరిస్తుంది. ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. మీకైనా చెప్పాను, ఊపిరి ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.

ఆమె చెయ్యి చెడలేదు. ఆ విత్తనాన్ని మేం తినేశాం. నా వాటా మూడు రొట్టెలు. చాలా రుచిగా ఉన్నాయి.