ఎల్లమ్మత్త లారీ

ఈ రోజు మా పక్కింటి ఎల్లమ్మత్తను వెంటబెట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాను. కూలికి పోయే ఆమె పేరు మీద లారీ ఉందని కంప్యూటర్ తేల్చి, రేషన్ కార్డు రద్దు చేసిందట.

"బాబూ, ఈమెకు సైకిల్ కూడా లేదు," అన్నాను ఆపరేటర్‌తో.

"సిస్టమ్‌ల ఉన్నది మేడం. సిస్టమ్ అబద్ధం చెప్తదా?" అంటూ లారీ లేదని రుజువు తెమ్మన్నాడు. లేని లారీకి ఫొటో ఎలా తీయాలో నాకు తోచలేదు.

అత్త మాత్రం సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు, కుంకుమ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. "దసరాకు పూజ గూడ చెయ్యలే బిడ్డా. బండి ఏడ నిలబెట్టిన్రో సూపియ్యి, టైర్ల కింద నిమ్మకాయలన్న పెడత."

అది వెటకారమే అనుకున్నాను. వెనక లైన్లో ఉన్న రైతు మాత్రం, "అక్కా, వడ్లు మిల్లుకు తోలాలె, కిరాయికిస్తవా?" అని నిజంగానే అడిగాడు.

బయటికొస్తే మేళ్లచెరువు ఫ్యాక్టరీల సిమెంట్ లారీలు వరసగా పోతున్నాయి. అత్త కొంగులో నిమ్మకాయలు పట్టుకుని ఒక్కొక్క లారీనీ పరీక్షగా చూసింది. "ఏదై ఉంటది బిడ్డా?"

ఆమెకు చదువు రాదు. నంబర్లు నేనే చదివి వినిపించాను.

మీకు తెలియకుండా కంప్యూటర్ మీకేం కొనిపెట్టిందో చెప్పండి.