వీరభద్రరావు రైఫిలు

భీమారావు తాతముత్తాతలు విశాఖ తీరం నుంచి సింగపూరు చేరినవాళ్లు. ఆయన మాత్రం ఆ ఊరి మొహం చూడలేదు. సింగపూరులోనే బుకిట్ పంజాంగ్‌లో కాపురం, ఒక షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే ఉద్యోగం. క్లబ్బులో ఆయనతో మనసు విప్పి మాట్లాడే ఒకే ఒక్కడు వీరభద్రరావు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో వీరభద్రరావు గుండె ఆగి పోయాడు. కింది మీట దించి తూటా మార్చే ఆయన నూరేళ్లనాటి లీవర్ రైఫిలు క్లబ్బు బీరువాలో తుప్పు పట్టి మిగిలింది.

వీరభద్రరావు కూతురు యోగిత పాయా లేబర్‌లో సాఫ్ట్‌వేరు ఇంజినీరు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని ఆఫీసులన్నీ హడలిపోతున్న రోజులవి. తండ్రి పోయినప్పుడు కూడా ఆమె ఆఫీసులోనే ఉంది.

"డాడీ ఎన్నిసార్లు క్లబ్బుకు రమ్మన్నా నేను రాలేదు అంకుల్. ఆ గన్‌తో ఒక్కసారి కాల్చాలి" అంది.

భీమారావు దాన్ని నట్టునట్టుగా విప్పాడు. తుప్పును నూనెలో నాననిచ్చి మెత్తటి ఉక్కు పీచుతో గీకాడు. విరిగిన స్ప్రింగు బదులు కొత్తది చేత్తోనే వంచి పెట్టాడు. కర్ర పిడికి అవిసెనూనె పట్టించాడు కానీ, వీరభద్రరావు చెంప ఆని అరిగిన చోటును మాత్రం ముట్టుకోలేదు.

పరీక్షించే రోజు యోగితను గోడ వెనక నిలబెట్టాడు. రైఫిలును బల్లకు బిగించి, మందు తగ్గించిన తూటా పెట్టి, ట్రిగ్గరుకు కట్టిన తాడును తానూ గోడ చాటు నుంచే లాగాడు. పేలింది. యోగిత చప్పట్లు కొట్టింది. ఆయన లీవరు దించి, బయటపడ్డ తూటా ఇత్తడి తొడుగును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. పొడుగునా చీలి ఉంది. టార్చి వేసి చూస్తే తూటా కూర్చునే చోట, ఉక్కులో, వెంట్రుకంత పగులు.

"ఇంక వద్దమ్మా. ఈసారి నీ మొహం మీదే పేలుతుంది."

"ఒక్క బుల్లెట్టే కదా, అంకుల్! ఇప్పుడు బాగానే పేలిందిగా? పోనీ, బ్యారెల్ మార్చండి."

"మార్చినా లోపలి ఇనుమంతా పాతదే. నేను నమ్మను."

"అలాగైతే దీన్ని ముట్టుకోకుండా ఉండాల్సింది మీరు" అని ఆమె వెళ్లిపోయింది. మళ్లీ ఫోనెత్తలేదు.

కాల్చడానికి పనికిరాని తుపాకికి పోలీసులు లైసెన్సు పొడిగించలేదు. లైసెన్సు లేనిదాన్ని ముక్కలు చేయించాలి కనుక భీమారావే పోలీసు ఆఫీసుకు తీసుకెళ్లాడు. బల్ల మీద పెట్టి అలవాటుగా నూనెగుడ్డతో తుడుస్తుంటే, అక్కడి కుర్రాఫీసరు అడిగాడు, "అంకుల్, కోసేసేదాన్ని ఎందుకు తుడవడం?"

భీమారావు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రంపం ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

"మీరు చేసింది న్యాయమే కదండీ" అంది భార్య వరలక్ష్మమ్మ, ఆయన తాకని అన్నం కంచం తీస్తూ. ఆ మాట ఆయన మనసుకు ఎక్కలేదు. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా పాత తుపాకి బాగుచేయడానికి ఒప్పుకోలేదు. క్లబ్బు తుపాకులు తుడిచి, బీరువాకు తాళం వేసి, బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు.