శాలువా తీయలేదు

వాతావరణ న్యాయం మీద పంజాగుట్టలోని ఒక హోటల్లో స్వచ్ఛంద సంస్థల సదస్సు రెండు రోజులు జరిగింది. ఉప్పునీళ్లు ఎక్కిన మా శ్రీకాకుళం పొలాల గురించి చెప్పమని నన్నూ పిలిచారు. ధనిక దేశాలు వదిలే వేడిని పేదవాళ్లు మోస్తున్నారని చెప్పాను. ఈ మాట ఇప్పటికి ఎన్ని హాళ్లలో చెప్పానో గుర్తులేదు. మొదటి రోజే చప్పట్లు కొట్టి, శాలువా కప్పారు.

రెండో రోజు మధ్యాహ్నం అలసిపోయి బయటికొచ్చి, కొంత దూరం నడిచి ఆటో ఎక్కాను. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు.

"గీ ఎండల శాలువా ఏందన్నా?"

"నిన్న సన్మానం చేసి కప్పారు. హోటల్ హాల్లో చలేస్తుంటే ఇవాళా కప్పుకున్నాను, తీయలేదు."

ఏ హోటలని అడిగాడు. చెప్పాను.

"గా హోటల్ వెనక సందులనే మా ఆటో అడ్డా అన్నా. ఏసీ డబ్బాలన్ని గా దిక్కే పెట్టిండ్రు. లోపల మీటింగ్ ఉంటే చాలు, వేడిగాలి మస్తు కొడతది. నిన్న సుత గంతే, ఇయ్యాల సుత గంతే."

అతని గొంతులో కోపమేమీ లేదు. గ్రీన్ సిగ్నల్ పడగానే బండి ముందుకు పోనిచ్చాడు.

శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాను. రెండు రోజులూ ఆ హాల్లో అందరం వణికాం. ఏసీ కాస్త తగ్గించమని ఒక్కరమూ అడగలేదు.