మూడో బండ

మా ఇంట్లో ఇద్దరమూ కొట్లాడి ఉద్యోగాలు వదులుకున్నవాళ్ళమే. నేను ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. గైడులో ఒక లెక్క తప్పని పిల్లల ముందే అన్నానని ప్రిన్సిపాల్ పిలిచి, కొంచెం గొంతు తగ్గించుకోమన్నాడు. లెక్క తప్పయినప్పుడు గొంతెందుకు తగ్గించాలో నాకు ఈరోజుకీ అర్థం కాదు. మా ఆయన తిరుపతిలో ఒక వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేశాడు. ఎవరో పాడుచేసిన పనిని తన నెత్తిన రుద్దారని, ఆ మధ్యాహ్నమే టిఫిన్ డబ్బా తీసుకుని, పాకాల మీదుగా వచ్చే రైలెక్కి చిత్తూరు వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కనన్నాడు. తొక్కలేదు కూడా.

అప్పట్నుంచీ మా ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన వర్క్‌షాపు. పాత లేత్ ఒకటి, వెల్డింగ్ మిషన్ ఒకటి, గోడకు వరసగా ఆకురాళ్ళు. కంపెనీలు చేయడం మానేసిన బండ్లకు పార్టులు చేస్తాడు. ముఖ్యంగా టర్బో సామాన్లు. మొదట్లో నాకు వాటి సంగతి పట్టేది కాదు. "ఏవో ఇనప సామాన్లు" అనేదాన్ని ఎవరైనా అడిగితే. ఒకరోజు ఆయనొక టర్బోను విప్పి బల్ల మీద పెట్టాడు. నత్తగుల్లల్లాంటి రెండు డొప్పలు, మధ్యలో వేలెడంత ఇరుసు, ఇరుసుకు రెండు చివర్లా అరచేతిలో పట్టే రెండు చక్రాలు. ఇంజన్ బయటికి తోసేసే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. రెండోదీ అదే ఇరుసు మీద ఉంది కాబట్టి అదీ తిరిగి, బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. ఇరవై ఏళ్ళు పిల్లలకు శక్తి నిత్యత్వం చెప్పాను. పారబోసే పొగతో ఇంకో పని చేయించుకోవచ్చని ఎవరూ నాకు ఇట్లా చేతిలో పెట్టి చూపలేదు. ఆ రోజునుంచి కాఫీ ఇచ్చే నెపంతో షెడ్డులోకి పోయి, గ్లాసు చల్లారేదాకా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను. ఆయన దాన్ని సతాయించడం అంటాడు.

పోయిన ఏడాది మా చిన్నాయన కొడుకు వచ్చాడు. నాకు తమ్ముడు. పలమనేరులో ఉంటాడు. చిత్తూరులో పశువుల దాణా మూటలు ఎక్కించుకుని, మొగిలి ఘాటు ఎక్కి, పాడి ఉన్న ఊళ్ళకు వేసి వస్తాడు. పాత డీజిల్ పికప్. దాని మానిఫోల్డ్ పగిలింది. నాలుగు సిలిండర్ల పొగనూ ఒకచోటికి చేర్చి టర్బోకు అందించే గొట్టాల గుత్తి అది. ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది. పాత సామాన్ల అంగళ్ళలో దొరికినవన్నీ అదే చోట పగిలినవే.

"లోడుతో ఘాటు ఎక్కడం లేదక్కా," అన్నాడు వాడు, మెట్టు మీద కూర్చుని. "రెండో మలుపు తావే ఊపిరి ఆగిపోతా ఉండాది. ఒకాయన బండి అడుగుతా ఉండాడు. బావ చేసిచ్చేది పని చేస్తే సరి. లేకపోతే ఇచ్చేసి, బెంగళూరు పోయి ఎవురిదన్నా బండి తోల్తా."

పదిహేనేళ్ళుగా వాడు ఎవరి కిందా పనిచేయలేదు. ఎవరి బండీ తోలలేదు. "ఎవురిదన్నా" అనేటప్పుడు వాడు నా మొహం చూడలేదు.

మా ఆయన మందపాటి ఇనప పట్టీకి నాలుగు కన్నాలు తొలిచి, నాలుగు వంపు గొట్టాలు తెచ్చి వెల్డింగ్ చేశాడు. ఆ పట్టీ ఇంజన్‌కు అతుక్కుని కూర్చోవాలి. వెల్డింగ్ వేడికి పట్టీ వంగుతుంది. అందుకని చివర్లో దాన్ని చదును చేయాలి. మా వంటగదికి గ్రానైట్ వేసినప్పుడు మిగిలిన ముక్క, మూరెడు పొడుగుది, షెడ్డులో ఉంది. దానిమీద ఎమరీ పేపరు పరిచి పట్టీని రుద్దుతాడు. తర్వాత పేపరు తీసేసి, ఆంజనేయస్వామికి పూసే సింధూరం నూనెలో కలిపి బండకు పల్చగా రాసి, పట్టీని దానిమీద ఆనించి ఎత్తుతాడు. ఎక్కడ తగిలితే అక్కడ ఎర్రగా అంటుతుంది. అంతటా ఎరుపు అంటితే చదునైనట్టు. నాకు ఈ పరీక్ష ఎంత నచ్చిందో చెప్పలేను.

అంతటా ఎరుపు అంటింది. సందు పూడ్చే ప్యాకింగ్ రేకు నడుమ పెట్టి బిగించాం. తమ్ముడు లోడుతో పోయి మూడో రోజు తిరిగొచ్చాడు. బానెట్ ఎత్తితే, పట్టీకీ ఇంజన్‌కీ నడుమ, మధ్య రెండు కన్నాల దగ్గర కాటుక దిద్దినట్టు మసి. టర్బోకు పోవాల్సిన పొగ సందులోంచి తప్పించుకుంటోంది.

"ప్యాకింగ్ మంచిది కాదు," అన్నాడు మా ఆయన.

"బోల్టులు వరస తప్పి బిగించినావు," అన్నాను నేను.

"నువ్వు ఎప్పుడన్నా బోల్టు బిగించినావామ్మే?"

"బిగించకపోతే మాత్రం? నడిమి నుంచి చివరకు పోవల్ల. నువ్వు చివర్నుంచి వచ్చినావు. సూస్తానే ఉండా."

రెండోది చేశాడు. కొత్త ప్యాకింగ్ వేశాడు. నా పోరు పడలేక బోల్టులు నడుమనుంచే బిగించాడు. మళ్ళీ లీకయింది. మళ్ళీ అవే రెండు కన్నాల దగ్గర.

తమ్ముడు ఈసారి మెట్టు మీద కూర్చోలేదు. నిలబడే అన్నాడు: "వచ్చే శుక్రవారం సాయంత్రం బండి అడిగినాయన్ను మా ఇంటికి రమ్మన్నా బావా. చూసుకుని తోలుకపోతాడు. నీ తప్పేం లేదులే."

మా ఆయన ఆ పూట అన్నం సగంలో లేచాడు. "నీ తప్పేం లేదులే" అనే మాట ఆయనకు తిరుపతి వర్క్‌షాపులో ఎవరూ అనలేదు. తీరా ఒకరు అన్నప్పుడేమో, ఇట్లా బండి అమ్ముకుంటూ అన్నారు.

నేను రెండు మానిఫోల్డులనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మసి ఒకే చోట. అంగుళం కూడా తేడా లేదు. క్లాసులో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు జవాబు రాస్తే, ఇద్దరికీ చదువు రాదని కాదు. ఇద్దరూ ఒకే పేపరులోకి తొంగిచూశారని. మరి ఈ రెండూ దేన్ని చూసి రాసినట్టు? వెల్డింగ్ వేరు. ప్యాకింగ్ వేరు. బోల్టుల వరస వేరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే.

మసి తుడిచి, పట్టీని వంటగదిలోకి తెచ్చి, స్టవ్ పక్కకు జరిపి, పొయ్యి గట్టు మీద సింధూరం రాశాను. పట్టీ ఆనించి ఎత్తాను. రెండు చివర్లా ఎరుపు. నడుమ ఖాళీ. షెడ్డు బండ మీద అంతటా అంటిన పట్టీయే!

"ఇట్లా రా!" అని కేక పెట్టాను. "నీ బండ వంకర!"

ఆయన వచ్చి చూశాడు. తనే ఒకసారి పట్టీని ఆనించి ఎత్తాడు. తర్వాత, "నా బండ ఎందుకు వంకర? నీ బండే వంకర," అన్నాడు. "పదేండ్లుగా దానిమీద టెంకాయలు కొడ్తా ఉండావు."

"టెంకాయ కొడితే గ్రానైట్ గుంతపడుతుందా? ఏ పుస్తకంలో ఉండాది?"

"నీ బండ సరైందని ఏ పుస్తకంలో ఉండాది?"

లేదు. అదే కదా చిక్కు. రెండు బండలు ఒకదాన్నొకటి తప్పంటే, ఏది నిజమో ఆ రెండింటినీ అడిగి తెలుసుకోలేం. తిరుపతిలో ఆయన పాత వర్క్‌షాపులో కొలతకు పెట్టుకునే అసలు సిసలు చదును పలక ఉంది. పట్టీని దానిమీద ఆనించి చూస్తే అరగంటలో తేలిపోతుంది. ఆ మాట అన్నాను. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నీ పంతానికి నా తమ్ముడు బండి అమ్ముకోవల్నా?"

"నువ్వు పోయి ఆ ప్రిన్సిపాల్‌తో గొంతు తగ్గించి ఒక మాట మాట్లాడిరా. నువ్వొచ్చిన గంటకు నేను తిరుపతి బస్సెక్కుతా."

నేను స్టవ్ మళ్ళీ యథాస్థానంలో పెట్టాను.

కాసేపటికి ఆయనే అన్నాడు, గోడకేసి చూస్తూ: "నేను పనికి చేరిన కొత్తలో, పెద్దమేస్త్రీ ఇనప పలకలు మూడు పెట్టుకుని రుద్దతా ఉండేవాడు. ఒకటి మార్చి ఒకటి. ఎందుకని అడిగితే, 'ముందు రుద్దురా' అన్నాడు. అంతే."

మూడు ఎందుకు? రెండైతే చాలదా? నాకు ఆ ప్రశ్న కాలిలో ముల్లులా దిగింది. గిన్నెలు తోముతూ ఆలోచించాను, పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆలోచించాను. పెరట్లోనే మా అత్త కాలంనాటి రుబ్బురోలు ఉంది. దాన్ని చూసేసరికి వెలిగింది. రోలు, గుండు రెండూ ఏళ్ళ తరబడి రుద్దుకుని ఎంత బాగా అతుక్కుంటాయి! సింధూరం రాస్తే అంతటా అంటుతుంది. అంతమాత్రాన రోలు చదునా? ఒకటి గుంత, ఒకటి ఉబ్బు. రెండు వస్తువులు కలిసి అబద్ధం చెప్పగలవు. మూడోది వస్తే చెప్పలేవు. ఒకటి ఉబ్బితే రెండోది గుంతపడాలి, మూడోదీ గుంతపడాలి. అప్పుడు ఆ రెండు గుంతలూ ఎదురెదురుగా పెడితే అతుక్కోవు. మూడూ ఒకదానితో ఒకటి ఏ జతకు ఆ జత అతుక్కున్నాయంటే, అవి చదునుగా ఉండటం తప్ప వేరే దారి లేదు. పలకా, కొలబద్దా, తిరుపతీ ఏమీ అక్కర్లేదు!

తడి బట్టలు భుజం మీదే వేసుకుని షెడ్డులోకి పరిగెత్తి చెప్పాను. ఆయన మొత్తం విని, "అందుకా రుద్దమన్నాడు," అన్నాడు.

ఆదివారం ఊరి బయట గ్రానైట్ పాలిష్ యూనిట్‌కు పోయి, మా ముక్క సైజువే ఇంకో రెండు ముక్కలు, బండలు అరగదీయడానికి వాళ్ళు వాడే గరుకు పొడి తెచ్చాం. తేగానే నేను చేసిన మొదటి పని, కొత్త ముక్కను నా పొయ్యి గట్టు మీద బోర్లించి చూడటం. అతుక్కోలేదు. షెడ్డు బండ మీదా అతుక్కోలేదు. ఇప్పుడు మూడు బండలకు మూడు అభిప్రాయాలు. మా ఇల్లు ఇల్లులా ఉంది.

షెడ్డు బండకూ, కొత్త రెండింటికీ పక్కలకు సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని రాశాను. నీళ్ళు, పొడి చల్లి, ఒకటి మీద రెండు. తర్వాత రెండు మీద మూడు. తర్వాత మూడు మీద ఒకటి. మళ్ళీ కింది బండ పైకి, పై బండ కిందికి. ప్రతిసారీ బండను అడ్డంగా తిప్పి. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. నాలుగు రోజులు. గర్రుగర్రుమనే చప్పుడు వీధి మొత్తానికీ వినపడింది. ప్రహరీ మీదుగా పక్కింటామె తొంగిచూసింది.

"ఏం రుబ్బతా ఉండారక్కా ఇంత పొద్దన్నుంచీ?"

"బండలు."

"బండల మిందనా?"

"లేదు, బండల్నే."

ఆమె అట్లే లోపలికి పోయింది. సాయంత్రం మాత్రం వాళ్ళాయన్ను కూడా తీసుకొచ్చి చూపించింది.

మొదటి రోజు సింధూరం రాస్తే అక్కడక్కడా మచ్చలు. రెండో రోజు మచ్చలు పెద్దవయ్యాయి. మూడో రోజు ఒకటీ రెండూ అంతటా అంటితే, మూడూ ఒకటీ పొసగలేదు. రెండు బండలు కలిసి చెప్పే అబద్ధం అక్కడే పట్టుబడింది! బుధవారం సాయంత్రానికి మూడు జతలూ అంతటా ఎర్రబడ్డాయి. పై బండను ఎత్తబోతే కింది బండ కూడా అతుక్కుని లేచింది. ఇద్దరం భయపడి దించేశాం.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, రెండో నంబరు బండను ఎత్తుకుని తిన్నగా వంటగదిలోకి నడిచాడు. నా గట్టు మీద బోర్లించాడు. నడుమ ఎరుపే లేదు. గట్టు నడిమధ్య పల్లం. రుద్దకముందు షెడ్డు బండ నడుమ ఉబ్బు, నాది పల్లం. ఆయన ఏమీ అనలేదు. నవ్వాడు. అంటేనే బాగుండేది, బదులైనా చెప్పేదాన్ని.

మూడో మానిఫోల్డ్‌ను ఆ బండ మీదే రుద్ది, గురువారం బిగించాం. శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు దాణా మూటలు నిండా వేసుకుని వచ్చి, "వస్తావా అక్కా?" అన్నాడు. అడక్కపోయినా ఎక్కేదాన్ని. మా ఆయన కిటికీ పక్కన, నేను నడుమ.

మొగిలి దాటాక అద్దాలు దించమన్నాను. లీకున్నప్పుడు ఎక్కుడులో టిక్కుటిక్కుమని చప్పుడొస్తుంది. ముగ్గురం మాట్లాడకుండా విన్నాం. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మొదటి మలుపు. టర్బో సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. రెండో మలుపు దగ్గర తమ్ముడి చేయి అలవాటుగా గేరు మీదికి పోయింది. రెండో గేరుకు దించబోయి ఆగాడు. బండి మూడో గేరులోనే లాగుతోంది. చేయి తీసి స్టీరింగ్ మీద పెట్టాడు. మా ఆయన కిటికీలోంచి కొండకేసి చూస్తున్నాడు గానీ, కొండను చూడటం లేదు.

ఘాటు ఎక్కాక తమ్ముడు పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. వేడి చల్లారేదాకా ఆగాం. తర్వాత నడిమి రెండు కన్నాల దగ్గర పట్టీ వెంబడి వేలితో గీసి, భుజం మీది తెల్ల తువ్వాలుకు తుడిచాడు. దుమ్ము అంటింది. మసి లేదు. తువ్వాలు ఇంకో అంచుకు మళ్ళీ తుడిచాడు. అప్పుడు మా ఆయన భుజం మీద ఒక దెబ్బ వేసి, "ఏం బావా," అన్నాడు. బానెట్ దించాడు.

పలమనేరులో వాళ్ళింటి ముందు ఆ పెద్దమనిషి అప్పటికే బైకు మీద వచ్చి కూర్చునున్నాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, టైర్లు తన్ని చూసి, తాళం కోసం చేయి చాపాడు.

"టీ తాగి పో అన్నా," అన్నాడు తమ్ముడు. "బండి ఇచ్చేది లే."

"ఏమప్పా, మొన్న ఇస్తానంటివే! ఘాటు ఎక్కదంటివే!"

"ఇప్పుడు ఎక్కతా ఉండాది."

"ఎట్లెక్కతా ఉండాది?"

"అదిగో, మా అక్కనడుగు."

అడిగాడు మరి. అడిగినవాళ్ళకు చెప్పాలి కదా. గడప మీద కూర్చుని, క్లాసులో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాయడం దగ్గర మొదలుపెట్టాను. సింధూరం సంగతి చెప్పాను. పొయ్యి గట్టు సంగతి చెప్పాను, అది పల్లమని కూడా దాచకుండా చెప్పాను. రోలు ఎట్లుంటుందో, గుండు ఎట్లుంటుందో రెండు చేతులతో చూపిస్తున్నాను.

"అక్కా," అన్నాడు తమ్ముడు, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "ఆయన ఎప్పుడో బైకెక్కి పొయినాడు."

నేనింకా రెండో బండ దగ్గరే ఉన్నాను.