శరణాలయంలో నా తొలి కచేరీ

మొన్న శనివారం పొద్దున నా జేబులో ఇరవై ఆరు రూపాయలు, బుర్రలో ఒక గొప్ప ఆలోచన ఉన్నాయి. సాయంత్రానికి రెండూ ఖాళీ. అది చాలదన్నట్టు, నిక్షేపంగా ఉన్న ఒక పెద్దమనిషిని చంపేసినంత పని చేసా.

మా నందిగామలో దిక్కులేని ముసలివాళ్ళ కోసం మిల్లు ఆసామిగారు ఒకాయన శరణాలయం నడుపుతున్నారు. మొత్తం పద్దెనిమిది మంది. పంచాయతీ రేడియో వాళ్ళ వసారాదాకా వినపడదు. వారం వారం నేను కచేరీ పెట్టిస్తానని ఆసామిగారిని అడిగా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ముందు ఒకటి పెట్టించు, వాళ్ళ మొహాల్లో నవ్వు కనిపిస్తే ఏడాదికి ఖాయం చేస్తానన్నారు.

నేను లెక్క వేసా. సగటు వయసు డెబ్బై రెండు. ఆ వయసుకి సరిపడే పాటలంటే తత్వాలే. దేహం మట్టికుండ, ఎప్పుడు పగులుతుందో తెలియదు, అలాంటివి. పొద్దున్నే బస్సెక్కి కంచికచర్లలో భజన కోటయ్యని కుదుర్చుకున్నా. నలుగురు మనుషులు, హార్మనీ, మద్దెల, తాళాలు. రేటు తక్కువ, అనుభవం ఎక్కువ. ఆ అనుభవం ఏ ఇళ్ళల్లో సంపాదించాడో నేను అడగలేదు. శరణాలయం అనగానే ఆయన మొహం దిగులుగా పెట్టాడు. భక్తి అనుకున్నా.

సరిగ్గా నాలుగింటికి బజారు మొగలోనే తాళం మొదలెట్టి, పాడుకుంటూ నడిచారు. కిళ్ళీకొట్టాయన బీడీ ఆర్పి లేచి నిలబడ్డాడు. బట్టలకొట్టువాళ్ళు సగం తలుపులు వేసారు. సంగీతమంటే మా ఊరికి ఇంత గౌరవమా అని నాకు ఛాతీ పొంగింది.

గేటు దాటేసరికి వసారాలో అందరూ ఒకళ్ళనొకళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. పదిహేడే తేలారు. వెంకట్రామయ్య గారు లేరు. మాణిక్యమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుపు అందుకుంది. మిగతావాళ్ళూ కలిసారు. అప్పుడు గానీ నాకు వెలగలేదు, మా వైపు ఈ తత్వాలు శవం దగ్గర పాడతారని, కోటయ్య బతుకుతెరువే అదని. ఆపమని చెయ్యి ఊపా. ఆయన అది మెచ్చుకోలనుకుని ఇంకా గొంతెత్తాడు.

ఇంతలో వెంకట్రామయ్య గారు పెరట్లో స్నానం ముగించుకుని, తడి తువ్వాలుతో వచ్చి, "ఎవరమ్మా పోయింది?" అనడిగారు.

"మీరేనండి," అంది మాణిక్యమ్మ గారు వెక్కుతూ.

ఆయన అరుగు మీద కూలబడి, "నాకెవరూ చెప్పలేదే," అన్నారు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. బోసినోళ్ళన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. అప్పుడే ఆసామిగారు, బజార్లో కబురు విని, బంతిపూల దండతో హడావిడిగా వచ్చారు. ఎవరికి వెయ్యాలో తెలియక నా వంక చూసారు. ఆ చూపు నా మెడ కొలత తీస్తున్నట్టే ఉంది.

నవ్వారు కదండీ అని గుర్తుచేసా.

"ముందు ఏడ్చారుగా. ఇంకొక్క శనివారం చూస్తా," అన్నారు.

మాణిక్యమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచి, "పాట బాగుందబ్బాయ్. నేను పోయిననాడు వీళ్ళనే పిలువు," అంది. నాకూ, నాకూ అంటూ చూస్తుండగా పదకొండు మంది పేర్లిచ్చారు. గంటలో పదకొండు బుకింగులు. కానీ కచేరీకో శ్రోత తగ్గిపోయే వ్యాపారం ఎన్నాళ్ళు నడుస్తుంది?

రేపు తొలి బస్సుకి జగ్గయ్యపేట వెళ్తున్నా. అక్కడ పెళ్ళిళ్ళకి వాయించే సన్నాయి మేళం ఉందట. బస్సెక్కే ముందు శరణాలయానికి వెళ్ళి వెంకట్రామయ్య గారికి ఒక్కమాట చెప్పాలి, పెళ్ళి ఆయనది కాదని.