మంగళవారపు అగ్గిపుల్ల

ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే ఛత్రినాకలో మా రేకుల ఇల్లు పెనంలా కాలేది. ఉయ్యాలలో తమ్ముడు ఒళ్ళంతా చెమటకాయలతో ఏడుస్తుంటే చూడలేక, ఎలాగైనా ఫ్యాను కొనాలని మా బాపు మంగళవారాన్ని ఖర్చు లేని రోజుగా ప్రకటించాడు. ఆ రోజు ఇంట్లోంచి పైసా బయటికి పోకూడదు. పక్కింట్లో చేబదులూ కుదరదు (‘అడుక్కొచ్చింది సుత ఖర్చే’ అని ఆయన చట్టం). ఎవరు తప్పినా ఆ నెల ఫ్యాను డబ్బాలో పైసలు పడవు. ఈ ఉపాయాన్ని తన అన్నకు, అంటే ఫలక్‌నుమాలో బర్రెలు పెట్టుకున్న మా పెద్దబాపుకు, చెప్పుకొని మురిసిపోయాడు కూడా.

ఓ మంగళవారం సాయంత్రం అమ్మ అగ్గిపెట్టె తెరిస్తే లోపల ఒకే ఒక్క పుల్ల. దాంతోనే పొయ్యి రాజేయాలి, అన్నం వండాలి, తమ్ముడికి పాలు కాచాలి. సరిగ్గా అప్పుడే వాకిట్లో పెద్దబాపు దగ్గు వినిపించింది. వచ్చి మంచం మీద కూర్చున్నాడు, బీడీ నోట్లో పెట్టుకున్నాడు, “అగ్గిపెట్టె తే బిడ్డా” అన్నాడు. నేను బాపు వైపు చూశాను. బాపు రేకుల వైపు చూశాడు. పెద్దన్నకు అగ్గిపుల్ల లేదని ఏ నోటితో చెప్తాడు? “ఇయ్యి” అన్నాడు చివరికి.

పెద్దబాపు బీడీ ముట్టించుకొని పుల్లను విదిలించి ఆర్పేశాడు. తలుపు చాటున గాజులు గల్లుమన్నాయి (అమ్మ బావ ఎదుట మాట్లాడదు, ఆమె కోపమంతా గాజులదే). ఇక ఇంట్లో మిగిలిన నిప్పల్లా పెద్దబాపు బీడీ కొసన ఉన్నదే. ఆయనేమో బర్రె బేరం కథ మొదలుపెట్టి బీడీ సంగతే మరిచిపోయాడు. పీల్చకపోతే బీడీ ఆరిపోతుంది. తమ్ముడు పాల కోసం గుక్కపట్టాడు.

“గుంజు అన్నా, జర గుంజు!” అన్నాడు బాపు.

“ఏమైందిరా నీకు? మొన్నటిదాంక బీడీ బంద్ జెయ్యి అని పానం దీస్తివి!”

ఈలోగా తలుపు సందులోంచి అమ్మ చెయ్యి కొబ్బరిపీచు అందించింది. పరుగున వెళ్ళి దాన్ని బీడీ కొసకు ఆనించి ఊదాను. పొగే వచ్చింది. బాపు మోకాళ్ళ మీద కూర్చొని ఊదాడు. ఎందుకో తెలియకపోయినా పెద్దబాపూ ఊదాడు. భగ్గుమంది! అమ్మ దాన్ని లాక్కొని పొయ్యిలో పడేసింది. కట్టెలు అంటుకున్నాక గానీ మాకు ఊపిరి ఆడలేదు.

చాయ తాగి పెద్దబాపు లేవబోతే అంగీ జేబులోంచి అగ్గిపెట్టె జారి పడింది. నిండు పెట్టె, గలగలమంది.

“నీ కాడ ఉండంగ మాదెందుకడిగినవే అన్నా?” అన్నాడు బాపు నీరసంగా.

“ఉపాయం నువ్వే జెప్తివి గదరా! గీ నెల సంది మా ఇంట్ల సుత మంగళారం ఖర్చు బందే.”

ముందు నవ్వింది తలుపు చాటున ఉన్న అమ్మ. బావ వినేలా ఆమె నవ్వడం నేనెరిగి అదే మొదటిసారి.

ఫ్యాను వచ్చేసరికి చలికాలమైంది (తమ్ముడు ముక్కు కారుతూ దాని కింద పడుకున్నాడు). ఇప్పుడు మా పొయ్యి మీట తిప్పితే వెలుగుతుంది. అయినా నా వంటింటి అరలో ఎప్పుడూ ఓ కట్ట అగ్గిపెట్టెలు ఉంటాయి. ఎందుకమ్మా ఇవి అని పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇన్ని పుల్లలున్నాయి, బీడీ నోట్లో పెట్టుకొని వచ్చి అడిగే పెద్దబాపే లేడు.