కట్టు విప్పి చూసే మా అన్న

మా అన్న సదాశివ మంచివాడే కానీ, దేన్నీ దాని మానాన ఉండనివ్వడు. అన్నం ఉడుకుతుంటే పదిసార్లు మూత తీస్తాడు. విత్తనం నాటిన మర్నాడే మట్టి కెలికి మొలక కోసం చూస్తాడు. ఈ మనిషితో మా వదిన అమృత ఎలా వేగుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తొంభై ఎనిమిదిలో దబీర్‌పురాలో అద్దెకుంటూ జల్‌పల్లిలో చిన్న ప్లాటు మీద ఇల్లు మొదలుపెట్టాడు. ఆఫీసు అవగానే స్కూటర్ అటే పోయేది. ప్లాస్టరింగ్ తడిగా ఉండగానే గోరుతో గీకి చూసేవాడు. మేస్త్రీ శివయ్య నెత్తి కొట్టుకునేవాడు. ఒక సాయంత్రం అక్కడే స్లాబు పోతకు వాడిన సెంట్రింగ్ రేకు అంచు తగిలి కుడిపాదం మీద లోతుగా తెగింది.

శ్రావణంలో గృహప్రవేశం. సొంతింట్లో కుడికాలు పెట్టి నడిచి వెళ్లాలని అన్నకు ఎన్నేళ్లనాటి ఆశ. పుండేమో మానలేదు. డాక్టరు షుగర్ పరీక్ష చేయించాడు, షుగర్ లేదని తేలింది. ఇలాగే ఉంటే కోసి శుభ్రం చెయ్యాలి, ఆపైన మంచం దిగకూడదన్నాడు. అన్న ముఖం వాడిపోయింది. నాకూ భయం వేసింది.

ఆ ఆదివారం చూడ్డానికి వెళ్తే, పెరట్లో కూర్చుని వదిన తలపిన్నుతో కట్టు లేపి గీకుతూ దొరికిపోయాడు.

"ఏందన్నా ఇది?"

"మానిందో లేదో సూస్తున్న చెల్లె. రోజూ సూస్తనే ఉన్న. ఎర్రగ గింజల్లెక్క ఏందో వస్తున్నది, తీసేస్తున్న."

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఒళ్లు మండిపోయింది.

"అది కొత్త కండ అన్నా! నీ ఇంటికాడ ముందు కూలీలు చెత్త తీస్తరు, తర్వాత మేస్త్రీని పిలుస్తరు. గాయంల గూడ గంతే. తెల్లకణాలొచ్చి క్రిములను, సచ్చిన కండను తింటయి. ఆ పని చేస్తనే ఫైబ్రోబ్లాస్టులనే మేస్త్రీ కణాలకు కబురు పెడ్తయి. అవి వచ్చి కొల్లాజెన్ దారాలు అల్లితె దాని మీద కొత్త కండ నిలుస్తది. అవి గూడ తెల్లకణాలకు తిరిగి కబురు చెప్తయి. నువ్వు పిన్నుతోని గీకంగనే గాయం కొత్తదయితది, మళ్ల కూలీలే దిగుతరు. మేస్త్రీ ఎప్పుడు పని చెయ్యాలె?"

అన్న పిన్ను నా చేతిలో పెట్టాడు. "శివయ్య లొల్లి ఇప్పుడు సమజైంది" అన్నాడు.

ఆనాటి నుంచి కట్టు మార్చేది డాక్టరే. వదిన పిన్నులన్నీ దాచేసింది. అన్న చేతులు ఊరుకోవని రోజూ గంపెడు చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ముందు పోసింది. మస్తు తిన్నాం చిక్కుడుకాయ కూర! కొన్నాళ్లకు డాక్టరు కట్టు విప్పి నవ్వాడు. గాయం అంచులు దగ్గరికి వచ్చాయి.

ముహూర్తం నాడు అన్న కుడిపాదం గడప దాటింది. పాదం మీద లేత గులాబీ మచ్చ. వదిన నవ్వుతోంది, నేనే సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఆడబిడ్డను కాబట్టి పాలు పొంగించే పని నాది. గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఎంతకీ పొంగవు. అన్న చెయ్యి గరిటె దాకా వెళ్లింది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఫికర్ చెయ్యకు చెల్లె, వాటంతట అవే పొంగనీ" అన్నాడు.

పాలు పొయ్యంతా పొంగిపోయాయి.